ఒక మడికి ఒకే ఖాతా

తెలంగాణ ఏర్పడిన మొదటి ఏడాది, 2014-15లో, వానాకాలం యాసంగి రెండూ కలిపి రాష్ట్రంలో వరి సాగైంది సుమారు 35 లక్షల ఎకరాల్లో. 2024లో ఒక్క వానాకాలంలోనే అది 66 లక్షల ఎకరాలు దాటింది. ఉత్తర తెలంగాణలో ఈ మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జగిత్యాల, కోరుట్ల వైపు శ్రీరాంసాగర్ కాలువలు ఎప్పటినుంచో వరిని పెంచుతున్నాయి. మరమగ్గాల ఊరుగా పేరున్న సిరిసిల్ల చుట్టుపక్కల మాత్రం నిన్నమొన్నటి దాకా బోరు పోసినంత మేరకే పంట, మిగతాది వాన దయ. మధ్యమానేరు, అనంతగిరి జలాశయాలు నిండాక అక్కడి మెట్ట భూములు కూడా మడులయ్యాయి. నీళ్లు వచ్చినందుకు ఎవరూ బాధపడనక్కరలేదు. అయితే ఏడాదిలో ఆరేడు నెలలు నీటి కింద ఉండే నేలా, వాన పడ్డప్పుడే తడిసే నేలా ఒకే తీరుగా ఊపిరి తీయవు. ఆ ఊపిరిలో గాలిలోకి పోయేది ఎంత, మట్టిలో నిలిచేది ఎంత? మొదటి ప్రశ్నకు వాయువులు కొలిచేవారు జవాబు చెబుతారు, రెండోదానికి మట్టి పరీక్ష చేసేవారు. రెండు జవాబులూ రెండు కాగితాల మీద ఉండిపోతాయి. అవి ఒకే ఖాతాలో జమా ఖర్చులుగా పక్కపక్కన పడనంత కాలం ఏ మడి వాతావరణానికి మేలు చేస్తోందో, ఏది కీడు చేస్తోందో తేల్చలేం. పైగా మేలు అనుకుని కీడు చేసే ప్రమాదం కూడా ఉంది. ఈ అధ్యాయం చెప్పదలచుకున్నది ఇదే.

ముందు నీటి కింద ఏం జరుగుతుందో చూద్దాం. కరిగెట చేసి నీళ్లు నిలబెట్టిన కొద్ది రోజులకే మట్టిలోని ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడి సూక్ష్మజీవులు ఊపిరికి ఆక్సిజన్ దొరకక ముందు నైట్రేట్‌ను, తర్వాత మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లను, ఆ తర్వాత సల్ఫేట్‌ను వాడుకుంటాయి. అవీ తరిగాక మీథేన్ తయారుచేసే ఆర్కియా జాతి జీవుల వంతు వస్తుంది. కుళ్లుతున్న వేళ్లు, వరికొయ్యలు, పెంట ఎరువు వాటికి మేత. పుట్టిన మీథేన్ నీటిలోంచి బుడగలుగా కొంత పైకి వస్తుంది, కానీ చాలా భాగం వరి మొక్క లోపలినుంచే పోతుంది. బురదలో బతకాల్సిన వరి, వేళ్లకు గాలి అందడానికి కాండంలో బోలు మార్గాలు పెంచుకుంది. పైనుంచి ఆక్సిజన్ కిందికి దిగే ఆ దారినే కిందినుంచి మీథేన్ పైకి ఎక్కుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో మీథేన్ సుమారు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడి పుట్టిస్తుంది. అయితే గాలిలో దాని ఆయుష్షు పన్నెండేళ్లే. అందువల్ల ఈ రోజు తగ్గించిన మీథేన్ ఫలితం మన కాలంలోనే కనిపిస్తుంది.

నైట్రస్ ఆక్సైడ్ స్వభావం వేరు. యూరియాలోని నత్రజని అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మారే దారిలోనూ, ఆ నైట్రేట్ మళ్లీ గాలిలోని నత్రజనిగా మారే దారిలోనూ కొద్దికొద్దిగా జారిపోయే వాయువు ఇది. నేల పూర్తిగా మునిగి ఉంటే తక్కువ, పూర్తిగా ఎండి ఉంటే తక్కువ. తడీ పొడీ మారే సమయంలో, అందులోనూ అప్పుడే యూరియా చల్లి ఉంటే, ఎక్కువ. ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అది గాలిలో వందేళ్లకు పైగా ఉంటుంది. కాబట్టి మడిలో నీళ్లు తీస్తే మీథేన్ తగ్గి నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. ఒక్క మీథేన్‌నే కొలిచి సంబరపడటం ఎంత తప్పో, నైట్రస్ ఆక్సైడ్‌ను చూపి మొత్తం ప్రయత్నాన్నే కొట్టిపారేయడమూ అంతే తప్పు. రెండూ కొలిచి కూడాలి.

కొలిచే పద్ధతి చూడటానికి సాదాగా ఉంటుంది, చేయడానికి ఓపిక కావాలి. నాట్లు పడ్డాక మడిలో ఒక అల్యూమినియం చట్రాన్ని బురదలోకి దింపి పంటకాలమంతా అక్కడే ఉంచుతారు. చట్రం పై అంచున సన్నటి కాలువలాంటి గాడి ఉంటుంది, దాన్ని నీటితో నింపుతారు. కొలిచే రోజున మనిషి ఛాతీ ఎత్తుండే పారదర్శకమైన యాక్రిలిక్ పెట్టెను ఆ గాడిలో కూర్చోబెడితే లోపల ఉన్న వరి కుదుళ్లతో సహా గాలి బందీ అవుతుంది. గాడిలోని నీరే సీలు. లోపల బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను గాలిని కలుపుతుంది, ఒక థర్మామీటరు వేడిని చూపుతుంది. పెట్టె మూసిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత నిర్ణీత నిమిషాలకొకసారి సిరంజితో గాలి లాగి మూతి బిగిస్తారు. ప్రయోగశాలలో గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ దగ్గర ఆ సిరంజిల్లోని మీథేన్ ఎంత వేగంగా పెరిగిందో తేలుతుంది. బయటి గాలిలో అది పది లక్షల పాళ్లలో రెండు పాళ్లకు కాస్త తక్కువ. ఆ కొద్దిపాటి మొత్తం నిమిషనిమిషానికీ ఎంత పెరుగుతోందన్న దాన్నిబట్టే చదరపు మీటరు నుంచి గంటకు వెలువడే మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. కొలిచేవాళ్లు బురదలో నేరుగా నిలబడరు, ముందే వేసిన చెక్క మీద నిలబడతారు. కాలు దిగబడితే కింద చిక్కుకున్న బుడగలన్నీ ఒక్కసారిగా లేచి లెక్కను పాడుచేస్తాయి.

ఇంత తంటా అవసరమా, ఏదో ఒక సగటు వేసుకుంటే పోదా అని అడిగేవారికి మన దేశ చరిత్రలోనే జవాబు ఉంది. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం భారతదేశపు వరిపొలాలు ఏటా 3.7 కోట్ల టన్నులకు పైగా మీథేన్ విడుస్తున్నాయి. ఆ అంకెకు ఆధారం యూరప్, అమెరికా పొలాల్లో చేసిన కొలతలు. అక్కడి నేల వేరు, ఎరువు వేరు, నీళ్లు పెట్టే తీరు వేరు. 1991లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఆధ్వర్యంలో, శాస్త్రవేత్త ఏ.పి. మిత్ర నాయకత్వంలో, దేశంలోని రకరకాల వరి ప్రాంతాల్లో పెట్టెలు పెట్టి కొలిచారు. తేలింది సుమారు 40 లక్షల టన్నులు. తొమ్మిదో వంతు! సరిగ్గా ఆ ఏడాదే పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ పేద దేశాల బతుకు ఉద్గారాలను ధనిక దేశాల విలాస ఉద్గారాలతో ఒకే తక్కెడలో తూచడం అన్యాయమని వాదించారు. ఆ నైతిక వాదానికి అండగా నిలిచింది మాత్రం పొలంలో చేసిన కొలతే. కొలత అంటే రైతును దోషిగా నిలబెట్టడమని భయపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కొలవని చోట ఎవరో వేసిన అంచనా మన నెత్తిన కూర్చుంటుంది.

ఇక రెండో కాగితం, మట్టిలోని కర్బనం. సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015 ఫిబ్రవరిలో మొదలైనప్పటి నుంచి మట్టి నమూనా తీయడం ఊళ్లలో కొత్త ముచ్చటేం కాదు. ఆకులలములు పక్కకు తీసి, పలుగుతోనో పారతోనో జానెడు లోతు ఆంగ్ల అక్షరం వి ఆకారంలో గుంత తీసి, గోడ వెంబడి పైనుంచి కిందికి బొటనవేలు మందం మట్టి చెక్కుతారు. పొలంలో పదిచోట్ల అలా తీసిన మట్టిని గుడ్డ మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేసి, మిగిలింది మళ్లీ కలిపి, అర కిలో దక్కేదాకా అదే పని చేస్తారు. ప్రయోగశాలలో ఒక గ్రాము మట్టిలో పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే అది దానంతటదే వేడెక్కి కర్బనాన్ని దహిస్తుంది. మిగిలిన డైక్రోమేట్ ఎంతో తెలుసుకోవడానికి బ్యూరెట్ నుంచి ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ బొట్టు బొట్టుగా వదులుతారు. ఊదా నీలం రంగు ఒక్క బొట్టుతో మెరిసే ఆకుపచ్చగా మారిన క్షణంలో ఆపాలి. వాక్లీ, బ్లాక్ 1934లో ప్రకటించిన పద్ధతి ఇది. ఇందులో కర్బనమంతా కాలదు, నాలుగింట మూడు వంతులకు కాస్త ఎక్కువే కాలుతుంది. అందుకే ఫలితాన్ని 1.3తో గుణిస్తారు. దీనికో సుగుణం కూడా ఉంది. మన నల్లరేగళ్లలో సున్నం ఉంటుంది. మట్టిని కాల్చి మొత్తం కర్బనాన్ని కొలిచే ఆధునిక యంత్రం ఆ సున్నంలోని కర్బనాన్ని కూడా కలిపేస్తుంది, ముందే ఆమ్లంతో దాన్ని తొలగించకపోతే. వాక్లీ-బ్లాక్ పద్ధతికి ఆ చిక్కు లేదు.

కార్డు మీద కనిపించేది శాతం. 0.5 లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. ఎరువుల మోతాదు చెప్పడానికి ఆ శాతం చాలు. కర్బన నిల్వ లెక్కకు చాలదు. నిల్వ కట్టాలంటే ఆ మట్టి ఎంత గట్టిగా ఉందో, అంటే ఒక ఘన సెంటీమీటరు మట్టి ఎన్ని గ్రాములు తూగుతుందో కూడా తెలియాలి. 15 సెంటీమీటర్ల లోతుకు, ఘన సెంటీమీటరుకు 1.4 గ్రాముల చొప్పున, హెక్టారు మట్టి 2,100 టన్నులు. అందులో 0.6 శాతం కర్బనం ఉంటే 12.6 టన్నులు. 0.1 శాతం పెరిగితే హెక్టారుకు 2.1 టన్నుల కర్బనం, అంటే ఎకరాకు మూడు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ కట్టిపడేసినట్టు. అంకె ఘనంగానే ఉంది. కానీ పెంట ఎరువు వేసిన నేల గుల్లబారుతుంది. గుల్లబారిన నేలలో అదే 15 సెంటీమీటర్ల లోతులో మట్టి బరువు తగ్గుతుంది. శాతం పెరిగినంతగా నిల్వ పెరగకపోవచ్చు. సాంద్రత కొలవకుండా శాతాన్ని మాత్రమే చూపి నిల్వ పెరిగిందంటే ఆ లెక్క చెల్లదు.

పెరుగుదల వేగమూ తెలుసుకోదగ్గదే. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో 1976లో నల్లరేగడి మీద ఒక దీర్ఘకాలిక ప్రయోగం మొదలైంది. ఒకవైపు సంప్రదాయ పద్ధతి, మరోవైపు ఎత్తు మడుల సాగు, పప్పుధాన్యంతో అంతరపంట, సమతులంగా ఎరువులు. ఇరవై నాలుగేళ్ల తర్వాత 120 సెంటీమీటర్ల లోతు వరకు తవ్వి చూస్తే మెరుగైన సాగులో హెక్టారుకు 46.8 టన్నులు, సంప్రదాయ సాగులో 39.5 టన్నుల కర్బనం ఉంది. తేడా 7.3 టన్నులు, ఏడాదికి హెక్టారుకు సుమారు 0.3 టన్ను చొప్పున. మన ప్రాంతపు నేలకు ఇంత నమ్మకమైన సాక్ష్యం అరుదు. ఆ వేగం మొత్తం పై 15 సెంటీమీటర్లలోనే జరిగిందనుకున్నా ఏడాదికి 0.015 శాతం లోపే. ఒకే పొలంలో పదడుగుల దూరంలో తీసిన రెండు నమూనాల మధ్య తేడా అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కాబట్టి రెండేళ్లలో నేలలో కర్బనం పెరిగిందని ఎవరైనా కాగితం చూపిస్తే అది నేల చెప్పిన మాట కాదు, నమూనా తీసిన చోటు మార్చిన ఫలితం కావచ్చు. ఇలాంటి ప్రశ్నకు జవాబు దీర్ఘకాల ప్రయోగాలే ఇవ్వగలవు. జగిత్యాల పక్కన పొలాసలో ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో 2000 నుంచి ఒకే నేలలో, వరి తర్వాత వరిగా, అవే మడులకు అవే మోతాదులు వేస్తూ దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం నడుస్తోంది. ఏ ఎరువూ వేయని మడి, నత్రజని ఒక్కటే వేసిన మడి, నత్రజని భాస్వరం పొటాష్ మూడూ వేసిన మడి, వాటికి తోడు పెంట ఎరువు పడ్డ మడి, పెంట ఎరువు మాత్రమే పడ్డ మడి పక్కపక్కనే ఉన్నాయి. పెంట ఎరువు పడ్డ మడుల్లోనే సేంద్రియ కర్బనం ఎక్కువని ఆ ప్రయోగం చూపింది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పెంట ఎరువు కర్బనం పెంచింది, మంచిదే. కానీ అదే పెంట నీటి కింద మీథేన్ జీవులకు మేత కదా! ప్రపంచవ్యాప్త కొలతలన్నీ కూడి, వాతావరణ మార్పుల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐపీసీసీ నిపుణులు 2019లో సవరించిన లెక్కల్లో దక్షిణాసియా వరిపొలానికి, సేంద్రియ ఎరువు లేకుండా ఎప్పుడూ నీళ్లు నిలిపి ఉంచితే, రోజుకు హెక్టారుకు 0.85 కిలోల మీథేన్ అని సగటు కట్టారు. నారు పోయే రోజులు తీసేసి ప్రధాన మడిలో వంద రోజులనుకుంటే హెక్టారుకు 85 కిలోలు, ఎకరాకు 34 కిలోలు. కార్బన్ డయాక్సైడ్ లెక్కన ఎకరాకు సుమారు 930 కిలోలు. ఇప్పుడు హెక్టారుకు పది టన్నుల పెంట ఎరువు వేశామనుకోండి. అదే లెక్కల సూత్రం ప్రకారం మీథేన్ దాదాపు రెండింతలవుతుంది. అంటే ఎకరాకు ఇంకో 880 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన భారం. ఇక్రిశాట్ ప్రయోగంలో నేల ఏడాదికి దాచిన కర్బనం ఎకరాకు సుమారు 450 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని గుర్తుంచుకుంటే సంగతి బోధపడుతుంది. మట్టి కాగితం మీద లాభం, గాలి కాగితం మీద అంతకు మించిన నష్టం. రెండూ ఒకే ఖాతాలో వేస్తే, ఎప్పుడూ నీళ్లు నిలిచే మడిలో పెంట వేసి వాతావరణాన్ని కాపాడుతున్నామనుకోవడం భ్రమ. ఇవి ప్రాంతపు సగటులు, ఒక్కో మడి లెక్క అటూ ఇటూ అవుతుంది. కానీ లెక్క మొగ్గు ఎటో దాచలేం.

వరిగడ్డి విషయంలో ఈ మొగ్గు ఇంకా పెద్దది. హార్వెస్టరు కోసిన పొలంలో గడ్డి చెల్లాచెదురుగా పడి ఉంటుంది, పైగా పొడవాటి కొయ్యలు. తగలబెడితే కర్బనం, నత్రజని, గంధకం పొగలో పోతాయి. తగలబెట్టకుండా కలిపి దున్నమని అధికారులు చెబుతారు. ఎప్పుడు దున్నాలన్నది వాళ్లు చెప్పే మాటలో తరచూ కనిపించదు, లెక్కంతా అందులోనే ఉంది. హెక్టారుకు ఐదు టన్నుల ఎండుగడ్డిని నాటుకు నెల రోజుల లోపు కలిపి నీళ్లు పెడితే మీథేన్ దాదాపు మూడింతలు. అదే గడ్డిని నెలకు పైగా ముందు కలిపి, నేల గాలి పీల్చుతుండగా కుళ్లనిస్తే ఒకటిన్నర రెట్లే. యాసంగి పంట ఏప్రిల్, మేలలో కోస్తాం. నాట్లు జూలైలో. ఆ ఎండల్లో ఒక దుక్కి దున్ని, తొలకరి వానకు కుళ్లనిస్తే నెలకు మించి వ్యవధి దొరుకుతుంది. చిక్కంతా వానాకాలం కోతకూ యాసంగి నాటుకూ మధ్య ఉన్న కొద్ది వారాలతోనే. అక్కడ గడ్డిని మోపు కట్టి పశువులకో, కంపోస్టుకో తరలించడమే మేలు. అదే గడ్డి, అదే నేల, తేదీ ఒక్కటే మారితే ఫలితం సగమవుతుందన్న సంగతి మట్టి పరీక్ష ఒక్కటే ఎన్నటికీ చెప్పలేదు.

మరి పెంట ఎరువు ఎక్కడ వేయాలి? కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతంలో వరికి పక్కనే పసుపు ఉంది, మక్క ఉంది. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉండే పసుపు బోదెల మీద పెరుగుతుంది, నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది. అంటే ఆ నేల ఎప్పుడూ గాలి పీల్చుతుంది. అక్కడ పడ్డ పెంట నుంచి మీథేన్ రావడం దాదాపు ఉండదు. నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది, నిజమే. అయితే దాన్ని తగ్గించే దారి ఉంది. సగటు లెక్కన వేసిన నత్రజనిలో నూటికి ఒక పాలు నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. అంటే 45 కిలోల యూరియా బస్తా ఒకటి మెట్ట పంటకు వేస్తే దాదాపు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన భారం. పెంటతో వచ్చిన నత్రజనిని లెక్కలోకి తీసుకుని ఒక బస్తా యూరియా మానుకుంటే పెంట భారంలో చాలా మటుకు తీరుతుంది. ఉన్న కొద్దిపాటి పెంట ముందు పసుపుకు, మక్కకు, కూరగాయలకు పోవాలి. వరికి వేయక తప్పని చోట బాగా మాగినదే వేసవిలోనే వేయాలి. ఎరువు మెట్ట పంటకు, గాలి వరి మడికి అన్న ఈ పంపకం జమా ఖర్చులు కలిపి చూసినప్పుడే తడుతుంది.

వరి మడికి గాలి ఇవ్వడం అంటే నీళ్లు తగ్గించి పంట ఎండబెట్టడం కాదు. ముప్పై సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం ముక్కకు కింది భాగంలో చిల్లులు పెట్టి, ఇరవై సెంటీమీటర్లు బురదలోకి దింపి, లోపలి మట్టి తీసేస్తే బయట నేలలో నీరు ఎంత లోతున ఉందో గొట్టంలో కనిపిస్తుంది. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ చెప్పిన నియమం సూటిగా ఉంటుంది. నాటిన రెండు మూడు వారాలు కలుపు లేవకుండా నీళ్లు నిలపాలి. తర్వాత గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా ఆగి, మళ్లీ ఐదు సెంటీమీటర్లు పెట్టాలి. పూతకు ముందు వారం, తర్వాత వారం మాత్రం ఎండనివ్వకూడదు. ఇలా మాటిమాటికీ ఆరబెట్టే మడికి ఐపీసీసీ లెక్కలో గుణకం 0.55. ఎకరాకు 34 కిలోల మీథేన్ 19 కిలోలకు దిగుతుంది. మిగిలింది 418 కిలోల కార్బన్ డయాక్సైడ్ విలువ. హెక్టారుకు 120 కిలోల నత్రజని వేసే మడిలో నైట్రస్ ఆక్సైడ్ వల్ల పెరిగే భారం ఎకరాకు 42 కిలోలే. నికరంగా 375 కిలోల లాభం. నైట్రస్ ఆక్సైడ్ వాదన లేవదీసేవారికి ఈ కూడిక చాలు. అదే వాదన పసుపు, మక్కల్లో మాత్రం బలంగా నిలబడుతుంది. తక్కువ కాలపు రకాలదీ ఇదే దారి. జగిత్యాల పరిశోధనా స్థానం ఇచ్చిన జగిత్యాల సన్నాలు, జేజీఎల్ 24423 వంటి రకాలు 120 రోజుల చుట్టుపక్కల కోతకొస్తాయి. సాంబమసూరికి 145 రోజులకు పైగా కావాలి. నీళ్లు నిలిచే రోజు ఒక్కటి తగ్గినా హెక్టారుకు 0.85 కిలోల మీథేన్ మిగిలినట్టే. దిగుబడి కోసం, నీటి కోసం తయారుచేసిన రకాలు అడగకుండానే వాతావరణానికి కూడా పనిచేశాయి.

ఈ మాటకు ఉత్తర తెలంగాణ రైతు చెప్పే అభ్యంతరాలు బలమైనవి. మొదటిది, ఎందుకు ఆపాలి? 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఉచితంగా ఇరవై నాలుగు గంటల కరెంటు ప్రకటించారు. మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు ఉంటే కరెంటు వచ్చినంతసేపూ నీళ్లు పారుతూనే ఉంటాయి. ఆపినందుకు రైతు జేబులో పైసా పడదు. రెండోది, కాలువ కింద రైతు చేతిలో గేటు ఉండదు. వచ్చినప్పుడు నింపుకోకపోతే మళ్లీ ఎప్పుడొస్తాయో అన్న భయం చివరి ఆయకట్టు రైతుకు అనుభవం నేర్పింది. ఈ రెండూ నిజాలే. అందుకే సిరిసిల్ల మెట్టలో బోరు కింద వరికి చెప్పే సలహానూ, శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద వరికి చెప్పే సలహానూ వేరు చేయాలి. బోరు కింద రైతే యజమాని, గొట్టం ఒక్కటి చాలు. జలాశయాల వల్ల పైకి వచ్చిన భూగర్భజలం వేసవి దాకా నిలవడమే అతనికి దక్కే ప్రతిఫలం. కాలువ కింద మార్పు రావాల్సింది రైతు నుంచి కాదు, నీటి విడుదల పట్టిక నుంచి. శ్రీరాంసాగర్ కింద యాసంగి నీటిని కొన్ని రోజులు వదిలి, కొన్ని రోజులు ఆపే వారబందీ పద్ధతి ఇప్పటికే అలవాటులో ఉంది. ఆ తేదీలను ముందే ప్రకటించి, మాట తప్పకుండా వదిలి, పూత దశకు తగ్గట్టు సర్దితే కాలువే మడులను ఆరబెడుతుంది. వానాకాలంలో వాన ఆపలేం కాబట్టి మొదటి గురి యాసంగి మీదే ఉండాలి. పెట్టె కొలిచేది చాపంత జాగా, దానితో జిల్లాను ఎలా చెబుతారన్నది మూడో అభ్యంతరం. ఒక్క పెట్టె చెప్పలేదు, ఒప్పుకోవాలి. కానీ నల్లరేగడి, చల్క, దుబ్బ నేలల్లో కొన్ని పెట్టెలు, గొట్టాల నీటి రాతలు, మేఘాలను దాటి నీటి మడులను గుర్తించే రాడార్ ఉపగ్రహ చిత్రాలు ఒకదాన్నొకటి సరిచూసుకుంటే చెప్పగలవు.

చివరి ప్రశ్న డబ్బుది. కర్బనం అమ్మి రైతు ఆదాయం పెంచుతామనే మాటలు ఊళ్లకు చేరుతున్నాయి. వ్యవసాయ రంగంలో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్ కోసం కేంద్ర వ్యవసాయ శాఖ 2024 జనవరిలో ఒక విధాన పత్రం తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, కార్బన్ క్రెడిట్లను ధ్రువీకరించే వెర్రా సంస్థ చైనాలోని 37 వరి మీథేన్ ప్రాజెక్టులను తిరస్కరించింది. రుజువు నిలబడని చోట క్రెడిట్ కూలిపోతుంది, దాని మీద ఆశ పెట్టుకున్న రైతు కూడా దానితోపాటే. మట్టి కర్బనం అమ్మకంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. మిషన్ కాకతీయలో తవ్విన చెరువు పూడిక పొలానికి తోలితే మరుసటి పరీక్షలో కర్బనం పెరుగుతుంది. కానీ అది గాలిలోంచి దిగింది కాదు, చెరువు నుంచి బండి ఎక్కి వచ్చింది. పక్క ఊరి గడ్డి తిన్న పశువు పెంట మన పొలంలో వేసినా అంతే. నేలకు అది మేలే, నీటిని పట్టే గుణం పెరుగుతుంది, వేయాల్సిందే. వాతావరణ ఖాతాలో మాత్రం జమ వేయకూడదు. పైగా దాచిన కర్బనం శాశ్వతం కాదు, పద్ధతి మారితే కొన్నేళ్లలో తిరిగి గాలిలో కలుస్తుంది. ఈ యాసంగిలో విడవకుండా ఆపిన మీథేన్‌ను మాత్రం వచ్చే ఏడాది ఎవరూ వెనక్కి తెచ్చి విడవలేరు.

అందువల్ల ఈ నేలలకు తగిన తీర్పు ఇది. నేల కర్బనాన్ని నేల కోసం పెంచాలి, పంట కోసం, నీటి కోసం పెంచాలి, అమ్మకం కోసం కాదు. వాతావరణం పేరుతో ఎవరైనా రైతుకు డబ్బు ఇవ్వదలిస్తే నీళ్లు నిలవని రోజులకు ఇవ్వాలి, అవి లెక్కపెట్టగలిగినవి కాబట్టి. పొలాస ప్రయోగ మడుల్లో ఇరవై ఏళ్లకు పైబడిన మట్టి చరిత్ర ఉంది. ఆ మడుల మీదే వాయువుల కొలతా క్రమం తప్పకుండా సాగి, రెండు ఫలితాలూ ఒకే నివేదికలో అచ్చు కావాలి. సాయిల్ హెల్త్ కార్డు మీద శాతం పక్కన మట్టి సాంద్రతకు ఒక గడి పెట్టాలి. నమూనాను ఐదేళ్లకోసారి అదే చోట తీయాలి. రైతు చేయాల్సింది మూడే పనులు. గడ్డిని నాటుకు నెల ముందే కలపాలి, పెంటను ముందు మెట్ట పంటకు పంపాలి, యాసంగి మడిలో ఒక చిల్లుల గొట్టం పాతుకుని అందులో నీటిమట్టం చూసి మోటారు వేయాలి.